జెన్షిన్ ఇంపాక్ట్: ఇల్లు, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఈ ఆట ఎంతకు పడుతుంది?

ఆసియా సర్వర్ మీద జెన్షిన్ ఇంపాక్ట్ ఆడేవాళ్లకు హైదరాబాద్‌లో రోజు మారేది రాత్రి ఒంటిగంటన్నరకు. సర్వర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ తెల్లవారుజామున 4 కొట్టగానే పాత కమిషన్లు (రోజువారీ చిన్న పనులు) పోయి కొత్తవి నాలుగు వస్తాయి. పన్నెండున్నర దాకా ఆడుతూ కూర్చున్న మనిషికి "ఇంకో గంట ఆగితే రేపటివి కూడా ఇప్పుడే చేసి పడుకోవచ్చు కదా" అనిపించడం సహజం. పొద్దున్నే ఆరింటికి లేచి పిల్లల డబ్బాలు సర్దాల్సినవాళ్లు, ఎనిమిదింటికి మియాపూర్‌లో మెట్రో ఎక్కాల్సినవాళ్లు ఈ ఆటకు కట్టే అసలు ధర ఆ గంటే. స్టోర్‌లో మాత్రం ఉచితం అని ఉంటుంది.

షాంఘైకి చెందిన మిహోయో దీన్ని 2020 సెప్టెంబర్ 28న విడుదల చేసింది. చైనా బయట హోయోవర్స్ పేరు మీద నడుస్తోంది. ఈ ఆట మీద సమీక్షలకు కొదవ లేదు. బొమ్మలు ఎలా ఉన్నాయి, ఏ పాత్ర బలమైనది, ఏ బ్యానర్‌లో (కొన్ని రోజులే నడిచే పాత్రల లాటరీ) పుల్ చెయ్యాలి అన్నవన్నీ దొరుకుతాయి. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, అమ్మానాన్నల మందులు, ఆఫీసులో శుక్రవారం గడువు నెత్తిన పెట్టుకున్న మనిషి దీన్ని ఫోన్లో వేసుకుంటే రోజులో ఎంత తింటుంది, ఎక్కడ తింటుంది, ఎలా కట్టడి చెయ్యాలి అన్న లెక్క అంత సులువుగా దొరకదు. ఇక్కడ చూస్తున్నది ఆ లెక్కే.

ముందు మెచ్చుకోవాల్సింది మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. టేవాట్ అనే ఈ కల్పిత లోకం నిజంగా అందమైనది. ఏడు రాజ్యాలు, ఒక్కో దానికి ఒక్కో ప్రకృతి శక్తి, దానికో అధిదేవత: గాలికి మోండ్‌స్టాట్, రాతికి లియూయె, మెరుపుకు ఇనజుమా, పచ్చదనానికి సుమేరు, నీటికి ఫోంటేన్, నిప్పుకు నట్లాన్, మంచుకు స్నెజ్‌నాయ. కంటికి కనిపించే ప్రతి కొండా ఎక్కవచ్చు. ఎక్కుతుంటే పక్కన పసుపు రంగు దమ్ము గీత తరిగిపోతుంటుంది. అది అయిపోయేలోపు కాలు మోపడానికి ఒక చరియ దొరకాలి, లేకపోతే కింద పడతారు. పైకి చేరాక రెక్కలు విప్పి దూకితే లోయ మొత్తం కాళ్ల కింద తిరుగుతుంది. వాన పడితే పాత్రలు తడుస్తాయి. తడిసిన శత్రువు మీద మెరుపు వేస్తే దెబ్బ మళ్లీ మళ్లీ తగులుతుంది, మంచు వేస్తే గడ్డకట్టి నిలబడిపోతాడు. ఎండుగడ్డిలో నిప్పు పడితే మీ కాళ్లు కూడా కాలుతాయి.

ఒక్క చోటు దగ్గరగా చూడండి. మొదట్లోనే ఉచితంగా వచ్చే కేయాను తీసుకుని మోండ్‌స్టాట్ చెరువు గట్టున నిలబడండి. అతని మంచు శక్తిని నీళ్ల మీదకు వదిలితే ముందు ఒక పలక గడ్డకడుతుంది. దాని మీదికి అడుగు వేసి, శక్తి మళ్లీ సిద్ధమయ్యేదాకా ఆరు సెకన్లు ఆగి, ఇంకో పలక. వెనకాల మొదటి పలక కరిగిపోతుంటుంది. ఆలస్యం చేస్తే ఈత కొట్టాలి, ఈతకు దమ్ము చాలదు. ఇలా పలక మీద పలక వేసుకుంటూ చెరువు దాటమని ఆట ఎక్కడా చెప్పదు. ఎవరికి వాళ్లు కనిపెట్టాల్సిందే. ఇలాంటివి వందలున్నాయి. పెద్దవాళ్లకు ఈ మధ్య కాలంలో దొరకని ఊరికే తిరగడం అనే సుఖం ఇందులో ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు.

పనులు పేరుకుపోయినప్పుడు ఈ లోకం ఇంకా హాయిగా అనిపించడానికి కారణం ఉంది. ఇక్కడ చేసిన ప్రతి పనికీ వెంటనే ఫలితం కనిపిస్తుంది. శత్రువుల శిబిరం ఖాళీ చేస్తే పెట్టె తాళం ఊడి, వెలుగు చిమ్మి, నాణేలు రాలుతాయి. ఎన్ని మిగిలాయో, ఇంకెంత నిండాలో ఒక గీత చూపిస్తుంటుంది. బయట బాధ్యతలకు ఆ గీత లేదు. ఆస్తి పన్ను ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే జీహెచ్ఎంసీ 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తోంది. ఆరు వేల పన్ను మీద అది 300 రూపాయలు, ఫోన్లో ఐదు నిమిషాల పని. కట్టాక ఒక రసీదు వస్తుంది, అంతే. ఆ ఐదు నిమిషాల పని నెలంతా వాయిదా పడుతుంటుంది. రోజుకు 60 ప్రైమోజెమ్స్ (కొత్త పాత్రల కోసం వాడే రత్నాలు) ఇచ్చే కమిషన్లు మాత్రం ఒక్క రోజు కూడా తప్పవు. ఇది బద్ధకం అని తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదు. ఆట మిమ్మల్ని ఏ మేకులకు కట్టేస్తుందో తెలుసుకుంటే ఆ మేకులు పీకేయవచ్చు.

మొదటి మేకు రెసిన్. పాత్రల బలం పెంచే సామాన్లు తీసుకోవడానికి ఆట వాడే చెల్లుబాటు చీటీ అనుకోండి. 8 నిమిషాలకు ఒకటి చొప్పున పుడుతుంది, 24 గంటలకు 180. 200 దగ్గర ఆగిపోతుంది, సున్నా నుంచి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. విడుదలైన కొత్తలో గరిష్ఠం 120 ఉండేది, అంటే 16 గంటలకే నిండిపోయేది, కాబట్టి వృథా కాకూడదంటే రోజుకు రెండుసార్లు తెరవాలి. 2020 నవంబర్‌లో 160 చేశారు, 2024 జూన్‌లో 200 చేశారు. ఇప్పుడు రోజుకు ఒక్కసారి తెరిస్తే చాలు. ఉద్యోగస్థులకు ఈ ఆటలో ఇన్నేళ్లలో జరిగిన గొప్ప మేలు ఇదే అని గట్టిగా చెప్పవచ్చు. ఏ కొత్త రాజ్యమూ దీనికి సాటి రాదు.

డొమైన్ (సామాన్ల కోసం పోరాడే గది) ఒకసారి పూర్తి చేస్తే 20 రెసిన్, బయట తిరిగే పెద్ద శత్రువుకు 40, వారానికోసారి కొట్టే మహాశత్రువుల్లో మొదటి ముగ్గురికి 30 చొప్పున ఖర్చు. 180 రెసిన్ అంటే తొమ్మిది డొమైన్లు. మంచి జట్టు ఉంటే ఒక్కోటి నిమిషంన్నర, లోడింగ్‌తో కలిపి రెండు. దానికి పదిహేను, ఇరవై నిమిషాలు. నాలుగు కమిషన్లకు పది, పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత ఊళ్లోని క్యాథరిన్ దగ్గరికి వెళ్లి బోనస్ తీసుకోవడం, సామాన్లు తెమ్మని ఎక్స్‌పెడిషన్లకు పంపిన పాత్రలను వెనక్కి పిలిచి మళ్లీ 20 గంటలకు పంపడం, టీపాట్ అనే ఆటలోని సొంత ఇంట్లో పోగైన నాణేలు ఏరుకోవడం. మొత్తం నలభై నిమిషాలు. నెలకు 20 గంటలు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ 20 గంటల్లో కొత్త కొండ ఒక్కటీ ఎక్కలేదు, కథ ఒక్క పేజీ కదల్లేదు. ఇది ఇంటి పనిలాంటిదే, కాకపోతే ఇల్లు మీది కాదు.

ఆ రెసిన్ పోసి పండించేది ఏమిటంటే ఆర్టిఫాక్ట్‌లు, అంటే పాత్రలకు తొడిగి బలం పెంచే ముక్కలు. వీటి లెక్క ఒక్కసారి కూర్చుని వేసుకోవాలి. మీ నిప్పు పాత్రకు ఒక సెట్‌లోని గోబ్లెట్ అనే ముక్క కావాలి, దాని మీద నిప్పు దెబ్బ పెంచే గుణం ఉండాలి అనుకుందాం. డొమైన్‌లో రెండు సెట్లు పడతాయి, మీకు కావల్సింది పడే అవకాశం సగం. అయిదు రకాల ముక్కల్లో గోబ్లెట్ రావడం అయిదో వంతు. గోబ్లెట్ మీద నిప్పు గుణం రావడం నూటికి అయిదు. మూడూ గుణిస్తే రెండువందల్లో ఒకటి. డొమైన్‌కు ఒక అయిదు నక్షత్రాల ముక్క, అప్పుడప్పుడు రెండు. అంటే సగటున 3,700 పైచిలుకు రెసిన్, ఇంచుమించు మూడు వారాలు రోజూ తప్పకుండా ఆడితే ఒక్క గోబ్లెట్. అది వచ్చాక దాన్ని 20వ లెవెల్‌కు పెంచాలి. నాలుగు లెవెల్స్‌కోసారి దాని కింది చిన్న గుణాల్లో ఒకటి పెరుగుతుంది. ఏది పెరుగుతుందో మీ చేతిలో లేదు. క్రిట్ రేట్ (గట్టి దెబ్బ పడే అవకాశం) కోసం ఎదురుచూస్తే అయిదుసార్లూ డిఫెన్స్‌లోకి పోవచ్చు. మూడు వారాల శ్రమ రెండు నిమిషాల్లో నీరుగారిపోతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు "సరిపోయే ముక్క" దొరకగానే ఆగిపోతారు. తెలియనివాళ్లు "అసలైన ముక్క" కోసం రాత్రులు పోగొట్టుకుంటారు. కథకూ, లోకం తిరగడానికీ సరిపోయే ముక్కలు చాలు. 45వ అడ్వెంచర్ ర్యాంక్ (ఆటలో మీ మొత్తం స్థాయి) రాకముందు ఆర్టిఫాక్ట్ డొమైన్ల జోలికే వెళ్లకండి. అప్పటిదాకా అయిదు నక్షత్రాల ముక్క పడుతుందన్న హామీ లేదు, పోసిన రెసిన్‌లో చాలా భాగం దండగ.

రెండో మేకు డబ్బు. పాత్రలను విష్ అనే లాటరీ ద్వారా తీసుకోవాలి. ఒక్కో విష్‌కు 160 ప్రైమోజెమ్స్. అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం 0.6 శాతం. 90 విష్‌ల్లో ఒకటి తప్పకుండా వస్తుంది, 74 దాటాక అవకాశం వేగంగా పెరుగుతుంది. అయితే వచ్చే పాత్ర మీరు కోరుకున్నదే కావాలని లేదు. బ్యానర్ మీది పాత్ర రావడం మొదట్లో సగానికి సగం. 2024 ఆగస్టులో వచ్చిన మార్పుతో మొత్తం మీద 55 శాతం అయింది. మొదటిసారి తప్పితే రెండోసారి ఖాయం. కాబట్టి అన్నీ ఎదురుతిరిగితే 180 విష్‌లు, 28,800 ప్రైమోజెమ్స్. 99.99 డాలర్ల ప్యాక్‌లో బోనస్‌తో కలిపి 8,080 వస్తాయి, అంటే 50 విష్‌లు. 28,800కు నాలుగు ప్యాక్‌లు కావాలి. రూపాయల్లో ముప్పై వేలు దాటుతుంది. మధ్యతరగతి ఇంట్లో అది ఒక టర్మ్ స్కూలు ఫీజు.

ఇంత పెద్ద మొత్తం ఎవరూ ఒక్కసారి పెట్టరు. చిన్నదానితో మొదలవుతుంది, దాని పేరు వెల్కిన్. 4.99 డాలర్లకు వెంటనే 300 క్రిస్టల్స్ (ఒక్కోటి ఒక ప్రైమోజెమ్‌తో సమానం), ఆ పైన 30 రోజులపాటు రోజుకు 90 ప్రైమోజెమ్స్. మొత్తం 3,000. ప్యాక్‌ల ధరతో పోలిస్తే చాలా చవక, చాలామంది సలహా ఇచ్చేదీ దీన్నే. ఇల్లూ ఉద్యోగం ఉన్నవాళ్లు మాత్రం దీన్ని కొనకపోవడమే మంచిది. ఆ 90 వచ్చేది ఆ రోజు ఆట తెరిస్తేనే, తెరవని రోజువి పోయినట్టే. డబ్బు కట్టి మరీ హాజరు పట్టీలో సంతకం పెట్టే పని నెత్తిన వేసుకోవడం ఇది. బ్యాటిల్ పాస్ కూడా అంతే: పది డాలర్లు కట్టాక, ఆ సామాన్లు చేతికి రావాలంటే వారం వారం గ్రైండ్ చేసి లెవెల్స్ నింపాలి. డబ్బు పెట్టాలనే ఉంటే, మొదటిసారి రెట్టింపు ఇచ్చే చిన్న ప్యాక్ ఏడాదికోసారి కొనుక్కోవడం నయం. అది మీ రోజుల మీద హక్కు అడగదు.

మూడో మేకు అన్నిటికంటే గట్టిది: పోతుందేమో అన్న భయం. కొత్త వెర్షన్ 42 రోజులకోసారి వస్తుంది, ఒక్కో బ్యానర్ 21 రోజులు. ఎక్కడ చూసినా "ఇంకా 3 రోజులు" అని గడువు వేలాడుతుంటుంది. నిజంగా పోయేవి ఏవి, పోనివి ఏవి అని విడదీసి చూస్తే భయం చాలావరకు తగ్గుతుంది. ప్రధాన కథ అయిన ఆర్కాన్ క్వెస్ట్‌లు ఎక్కడికీ పోవు. పాత్రల సొంత కథలు, వరల్డ్ క్వెస్ట్‌లు, రాజ్యాలు, పెట్టెలు, కొండల మీద ఏరుకునే ఆక్యులస్ అనే వస్తువులు అన్నీ రెండేళ్ల తర్వాత వచ్చినా అక్కడే ఉంటాయి. పోయేవి వెర్షన్‌తో వచ్చిన ఈవెంట్లు, వాటి చిన్న కథలు. 2021లోనూ 2022లోనూ వేసవికి తెరిచిన గోల్డెన్ యాపిల్ దీవుల్లాంటివి మాత్రం నిజంగా మూసేశారు, ఆ రెండింటి విషయంలో బాధ న్యాయమే. బ్యానర్ పాత్రలు తిరిగి వస్తుంటారు, ఎప్పుడన్నదే ప్రశ్న. స్పైరల్ అబిస్ అనే కఠినమైన పోరాటాల అంతస్తులు నెలనెలా మళ్లీ మొదలవుతాయి. వాటిని ఒక్కసారి కూడా ముట్టుకోకపోయినా కథలో ఒక్క మాట కూడా తగ్గదు.

ఇక ఈ మేకులు పీకడం ఎలా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సర్వర్ ఎంచుకునే తెర దగ్గర ఆగండి. తర్వాత సర్వర్ మారిస్తే మళ్లీ మొదటి నుంచి ఆడాలి, ఒక సర్వర్‌లోని పాత్రలు ఇంకో సర్వర్‌కు రావు. చాలామంది దగ్గరగా ఉందని ఆసియా నొక్కేస్తారు, ఒంటిగంటన్నర రీసెట్ మెడకు చుట్టుకుంటుంది. యూరప్ సర్వర్ తీసుకుంటే రోజు మారేది ఉదయం 8:30కి. అర్ధరాత్రి దాకా మేలుకోవడానికి ఆట తరఫున ఒక్క కారణం కూడా మిగలదు, ఆ టైముకు ఎలాగూ ఆఫీసు దారిలో ఉంటారు. అమెరికా సర్వర్‌కు మధ్యాహ్నం 2:30. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు రాత్రి షిఫ్టుల్లో పనిచేసి మధ్యాహ్నం నిద్రలేచేవాళ్లకు అది కుదురుతుంది. దూరపు సర్వర్‌లో పింగ్ (సర్వర్ జవాబు వచ్చే ఆలస్యం) పెరుగుతుంది, నిజమే. ఒంటరిగా కథ ఆడుకునేవాళ్లకు అది పెద్దగా తెలియదు, సెకన్లు లెక్కపెట్టే అబిస్ పోరాటాల్లో తెలుస్తుంది. స్నేహితులతో కో-ఆప్ (ఒకే లోకంలో కలిసి) ఆడాలంటే అందరూ ఒకే సర్వర్‌లో ఉండాలి, ఇది ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికే ఆసియాలో ఏళ్లు గడిపినవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కమిషన్లు ఒంటిగంటన్నర నుంచి మర్నాటి ఒంటిగంటన్నర దాకా ఎప్పుడు చేసినా ఒకటే. సాయంత్రం అమీర్‌పేటలో రైలు మారి ఇంటికొచ్చే దారిలో చేసినా అవే 60. కమిషన్లు అసలు చెయ్యకపోయినా పెట్టెలు తెరవడం, క్వెస్ట్‌లు చెయ్యడం ద్వారా ఎన్‌కౌంటర్ పాయింట్లు నిండుతాయి, వాటితోనూ ఆ బహుమతి వస్తుంది. కాబట్టి శనివారం గంటన్నర తీరిగ్గా కొత్త ప్రాంతం తిరిగితే ఆ రోజు పని దానంతట అదే అయిపోయినట్టే. ఆడాల్సిన పద్ధతి ఇదే అని మా అభిప్రాయం: వారానికి రెండు మూడు సిట్టింగ్‌లు, గంటన్నర చొప్పున, తిరగడానికీ కథకూ. మిగతా రోజులు రెసిన్ పొంగిపోతే పొంగిపోనివ్వండి. పాలు కాదుగా, పొయ్యి ఆపడానికి పరిగెత్తనక్కర్లేదు. ఆట కంపెనీ వాళ్ల హోయోల్యాబ్ యాప్‌లో "రెసిన్ నిండింది" అని వచ్చే నోటిఫికేషన్ మొదటి రోజే ఆపెయ్యండి.

ఫోన్‌లో పెట్టే టైమర్ గురించి ఒక హెచ్చరిక. ఆండ్రాయిడ్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఆటకు రోజుకు గంట అని పరిమితి పెడితే ఆ గంట మళ్లీ మొదలయ్యేది అర్ధరాత్రి 12కు. పదకొండింటికి ఆట మూతపడినవాళ్లు పన్నెండు కాగానే కొత్త గంట చేతికొచ్చి మళ్లీ తెరుస్తారు. అది అయ్యేసరికి ఒంటిగంట, ఇంకాస్త ఆగితే రీసెట్. మంచి ఉద్దేశంతో పెట్టిన టైమరే నిద్రను చెడగొడుతుంది. దాని బదులు ఫోకస్ మోడ్‌లో ఆటను చేర్చి రాత్రి 10:30 నుంచి ఉదయం 6:30 దాకా షెడ్యూల్ పెట్టండి. బెడ్‌టైమ్ మోడ్ తెరను నలుపు తెలుపుల్లోకి మారుస్తుంది తప్ప యాప్‌ను ఆపదు. ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్ కింద డౌన్‌టైమ్. పాస్‌కోడ్ ఇంట్లో ఇంకొకరి చేత పెట్టించండి.

ఇంట్లో ఆడేటప్పుడు ఇంకో సంగతి. ఒంటరిగా ఆడుతుంటే మెనూ తెరవగానే పోరాటం ఆగుతుంది. పొయ్యి మీద కుక్కర్ మూడో కూత వేసినా, తలుపు దగ్గర గ్యాస్ సిలిండర్ అబ్బాయి పిలిచినా లేచి వెళ్లవచ్చు. కో-ఆప్‌లో ఆగదు. క్వెస్ట్ డొమైన్‌లోకి అడుగుపెట్టాక మధ్యలో బయటికొస్తే అక్కడిదాకా చేసింది పోయి మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సి రావచ్చు. కథలో మాటలు దాటవేయడానికి చాలా చోట్ల వీలుండదు, ఒక్కో అంకం రెండు మూడు గంటలు లాగుతుంది. అందుకే రాత్రి తొమ్మిదింటికి "ఒక్క క్వెస్ట్" అని మొదలుపెట్టకూడదు. "ఒక్కసారి ఆగు, ఇప్పుడే వస్తా" అని ఇంట్లోవాళ్లకు పదిసార్లు చెప్పాల్సి వచ్చేది కో-ఆప్‌లో, ఇలాంటి క్వెస్ట్‌లలో. ఆదివారం పొద్దున, మంజీరా నీళ్లు పట్టేసి, బట్టలు ఆరేసిన తర్వాత కూర్చుంటే కథ నిజంగా రుచిస్తుంది.

ఖర్చులో కనిపించనిది కరెంటు. గేమింగ్ పీసీ, మానిటర్ కలిపి 300 వాట్లు లాగుతుంటే రోజుకు నాలుగు గంటలకు 1.2 యూనిట్లు, నెలకు 36. గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకుంటూ నెలకు 170 యూనిట్ల దగ్గర ఆగే ఇల్లు దీనితో 206కు చేరుతుంది. 200 దాటిన నెలలో బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఫోన్‌లో ఈ బాధ లేదు, వేడి ఉంది. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో ఛార్జింగ్ పెట్టి ఆడితే పావుగంటలో ఫోన్ బాగా వేడెక్కుతుంది, వెలుతురు దానంతట అదే తగ్గుతుంది, ఆట తడబడుతుంది. గ్రాఫిక్స్‌లో ఎఫ్‌పీఎస్ 30, షాడో క్వాలిటీ తక్కువ, రెండర్ రెజల్యూషన్ ఒక మెట్టు కిందికి పెట్టి, వెనక కవర్ తీసేసి, ఛార్జర్ పీకి ఆడండి. స్థలం కూడా బాగా తింటుంది, పీసీలో 100 జీబీ దాటుతుంది. పూర్తయిన క్వెస్ట్‌ల డేటాను సెట్టింగ్స్‌లో రిసోర్సెస్ కింద తీసేయవచ్చు, వాడని భాషల మాటల ప్యాక్‌లు కూడా. మాటలు చైనీస్, ఇంగ్లీష్, జపనీస్, కొరియన్‌లలోనే ఉన్నాయి. తెలుగు లేదు, తెర మీది రాతకు కూడా లేదు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు చోటు లేకపోవడం పెద్ద లోటు, మార్కులు తగ్గించాల్సిన విషయం.

అమ్మానాన్నల ఫోన్‌లో పిల్లలు ఆడే ఇళ్లలో ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ ధృవీకరణ అడిగేలా పెట్టడం తప్పనిసరి. అక్కడే నెలవారీ బడ్జెట్ పెట్టే వీలుంది కానీ అది హెచ్చరిస్తుందే తప్ప కొనుగోలును ఆపదు, దాన్ని నమ్ముకోకండి. ఆటలో పెద్ద పండగ అయిన లాంటర్న్ రైట్ చైనా కొత్త సంవత్సరం చుట్టూ, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. ఆకాశం నిండా దీపాలు, బోలెడు కానుకలు. మన ఇంటర్ పిల్లలకు ప్రాక్టికల్స్, పరీక్షలు ముంచుకొచ్చేదీ అప్పుడే. పూర్తిగా వద్దు అంటే దొంగచాటుగా ఆడతారు. పండగ కథకు ఒక ఆదివారం, లాగిన్ కానుకలకు రోజుకు రెండు నిమిషాలు అని ఒప్పుకుంటే గొడవ ఉండదు.

కట్టడి చేసుకోలేని దశ కూడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది, ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడారన్నది అందులో కొలమానం కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా జీవితం కంటే ఆటకే పెద్దపీట వెయ్యడం, నష్టం జరుగుతోందని తెలిసీ కొనసాగించడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు కనిపిస్తే అది జబ్బు. ఉద్యోగానికి ఎసరొచ్చినా, అప్పు చేసి విష్‌లు కొంటున్నా, ఈఎంఐ తప్పినా ఏడాది దాకా ఆగక్కర్లేదు. టెలి-మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. నేరుగా వెళ్లాలంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఆ పేరు చెప్పగానే మనవాళ్లు వెనకాడతారు. అక్కడికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మార్కులు వేస్తే: తిరిగే లోకానికి, సంగీతానికి పదికి తొమ్మిది. కథకు ఏడు, సాగదీత వల్ల రెండు తగ్గాయి. రోజువారీ పనుల ఏర్పాటుకు నాలుగు, రెసిన్ గరిష్ఠం పెంచినందుకు మూడు నుంచి పెరిగింది. డబ్బు వ్యవహారానికి మూడు. లెక్కపెట్టి ఆడగలిగినవాళ్లు తప్పకుండా వేసుకోవచ్చు. గడువు చూస్తే మనసు ఆగనివాళ్లు, ఇప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లు వేసుకోవద్దు. వాళ్లకు కథ వరకు కొని, పూర్తి చేసి, పక్కన పెట్టేసే ఆటలు మేలు.

ఇంట్లో పెళ్లి ఉన్నా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా, పరీక్షలున్నా నిశ్చింతగా ఆట తీసేయండి. ఫోన్‌లోంచి డిలీట్ చేసినా మీ ఖాతా సర్వర్‌లో భద్రంగా ఉంటుంది, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ రాసిపెట్టుకుంటే చాలు. పద్నాలుగు రోజులు, ఆ పైన వరుసగా ఆట తెరవనివాళ్లు తిరిగొస్తే స్టెల్లార్ రీయూనియన్ పేరుతో ఆటే కానుకలిచ్చి ఆహ్వానిస్తుంది.